మా కౌంటీని కోసిన గీత

గ్యారెట్ స్లోన్‌కి బైబిల్లోని పుస్తకాల పేర్లు వరసగా నేర్పింది నేనే. వరద వచ్చిన మరుసటి ఏడు, చర్చి కింది గదిలో గోడలకింకా బురద చార ఉండగానే నేర్పాను. హబక్కూకు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి చొక్కా గుండీ నోట్లో పెట్టుకునేవాడు. అతనే పెద్దవాడై మా తరఫున రాష్ట్ర శాసనసభకు వెళ్ళాడు. పంపింది మేమే.

మేమంటే మా ఫోన్ల గొలుసు. నలభై మంది ఆడవాళ్ళం. రాజధానిలో పనికిమాలిన బిల్లేదైనా తల ఎత్తితే నేను ముగ్గురికి ఫోన్ చేస్తాను, వాళ్ళు తలా ముగ్గురికి, ఆ తొమ్మిది మందీ తలా ముగ్గురికి. గంట తిరక్కుండా శాసనసభ ఫోన్లు మోగిపోతాయి. పల్లె బడులు మూసేసి పిల్లల్ని పట్నం బడుల్లో కలిపేద్దామన్న బిల్లును పడగొట్టింది మేమే. పొలాల్లో బావులకు మీటర్లు బిగిస్తామన్నప్పుడు వద్దనిపించిందీ మేమే. నేను ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని. అయినా ఏ బిల్లు ఏ కమిటీలో నలుగుతోందో వంట చేస్తూ చెప్పగలను.

గొలుసుకు ఒకటే నియమం, అదీ నేను పెట్టిందే. ఫోన్‌లో ఎవరూ ప్రశ్న అడగకూడదు. బిల్లు నంబరు, అవునో కాదో, అంతే. నా తర్వాతి ముగ్గురిలో ఒక్కతె ఆగి 'ఎందుకు' అంటే ఆమె వెనక పన్నెండు మంది ఆగిపోతారు. బడుల బిల్లు అప్పుడు ఓటుకు నలభై నిమిషాలే ఉంది, ఆ కంగారులో పెట్టాను. తర్వాత తీసెయ్యడం మరిచాను.

ఈ మార్చిలో గ్యారెట్ ఫోన్ చేశాడు. చర్చిలో నా దగ్గర నేర్చుకున్న పిల్లలంతా ఇప్పటికీ నన్ను మిస్ అనే పిలుస్తారు. "మిస్ వెల్డా, పందొమ్మిదో నంబరు బిల్లండీ. అవుననిపించండి. నియోజకవర్గాల సరిహద్దు గీతలు మళ్ళీ గీస్తున్నాం. మన పార్టీకి ఒక సీటు పెరుగుతుంది."

నేను అడగలేదు. నలభై మందిమీ ఫోన్లు చేసి అవునన్నాం. కమిటీ ఆఫీసులో మా పేర్లూ ఊళ్ళూ రాసుకున్నారు.

రెండు రోజుల తర్వాత మా ఆడపడుచు ఒపల్ పేపరు తెచ్చి నా వంటింటి బల్ల మీద పరిచింది. "కళ్ళజోడు పెట్టుకో వదినా. కూర్చుని చూడు."

చూశాను. కొత్త గీత వాగు వెంబడి వచ్చి, దాణా మిల్లు దగ్గర తిరిగి, మా రోడ్డు నట్టనడుమ దిగింది. నా ఇల్లు ఇటు, ఎదురుగా ఒపల్ ఇల్లు అటు. చర్చి ఇటు, సమాధులు అటు. కౌంటీలో తూర్పు సగాన్ని తీసుకెళ్ళి తొంభై మైళ్ళ అవతల ఉన్న పట్నానికి కట్టారు. అంత పెద్ద పట్నం పక్కన మా సోయా రైతుల ఫోను ఎవడెత్తుతాడు?

"అంటే మా అన్నయ్య పట్నం వాడైపోయాడన్నమాట," అంది ఒపల్. మా ఆయన మెర్ల్ ఆ సమాధుల్లోనే ఉన్నాడు. "బతికున్నప్పుడు పట్నం వెళ్దామంటే కడుపునొప్పి వచ్చేది పాపం."

నాకు నవ్వు రాలేదు. గ్యారెట్‌కి ఫోన్ చేశాను.

"పార్టీ కోసం కొంచెం వదులుకోవాలి కదా మిస్ వెల్డా," అన్నాడు.

"కొంచెమంటే? ఒపల్ ఇల్లా?"

"మీ వాళ్ళంతా అవునన్నారు కదండీ. కమిటీలో నేనూ అదే చెప్పాను. మా ఊరివాళ్ళే కోరుకుంటున్నారని."

ఫోను పెట్టేశాను. అవతలి పార్టీ వాడు ఈ పని చేసి ఉంటే ముందే కనిపెట్టి ఉండేదాన్ని. ఉన్న ఊరిని, ఉన్న చర్చిని, ఉన్న బడిని చెదరకుండా నిలుపుకోవాలనే కదా మేమీ పార్టీని పట్టుకుని ఉన్నది. అలాంటిది నా నోటి మాటనే కత్తిగా పట్టుకుని, నేను చదువు చెప్పినవాడే నా ఊరిని కోశాడు.

పేర్లు కొట్టేయమని కమిటీ ఆఫీసుకు ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా పెద్దావిడ, మర్యాదస్తురాలు. "ఫోన్‌లో కుదరదమ్మా. మంగళవారం విచారణకు ఎవరికి వాళ్ళు వచ్చి చెప్పాలి," అంది.

చర్చి బస్సులో బయల్దేరాం. తుంటి ఆపరేషన్ అయిన ఇద్దరూ, ఆవు ఈనుతున్న ఒకావిడా తప్ప ముప్ఫై ఏడుగురం. గుడ్డు శాండ్‌విచ్‌లు రెండు డబ్బాలు కట్టుకున్నాం. మనిషికి మూడు నిమిషాలని తలుపు మీద రాసి ఉంది. మా వరస చూడగానే కమిటీ అధ్యక్షుడు దాన్ని ఒక్క నిమిషం చేశాడు. మాకు అంత కూడా అక్కర్లేకపోయింది.

"నా పేరు లోయిస్ టాబర్. అవునన్నవాళ్ళలోంచి నా పేరు తీసేయండి."

ఒకరి తర్వాత ఒకరం అదే మాట. గ్యారెట్ తల వంచుకుని కాగితాలు సర్దుతూనే ఉన్నాడు, సర్దడానికి అక్కడున్నవి రెండే కాగితాలు. చివర నేను లేచాను.

"గ్యారెట్, హబక్కూకు తర్వాత ఏది?"

అధ్యక్షుడు ఏదో అనబోయాడు. గ్యారెట్ మెల్లిగా, "జెఫన్యా, మిస్ వెల్డా," అన్నాడు.

"ఈసారి వచ్చిందే. అడగకుండా అవునన్నాను, ఆ తప్పు నాది. గీత ఎక్కడ పడుతుందో నీకు తెలుసు. తెలిసీ నాకు చెప్పకుండా అవుననిపించావు, ఆ తప్పు నీది. నాది నేను దిద్దుకోవడానికి వచ్చాను. నా పేరు తీసెయ్."

బిల్లు కమిటీ దాటి, ఆ సాయంత్రమే సభలో రెండు ఓట్ల తేడాతో నెగ్గింది. గ్యారెట్ చెయ్యెత్తడం మా కళ్ళతో చూశాం. తిరుగు బస్సులో రెండో డబ్బా మూత ఎవరూ తియ్యలేదు.

ఇంటికొచ్చి ముందు గొలుసు నియమం మార్చాను. ఇకమీదట ఫోన్ అందుకున్నావిడ ఎందుకని అడిగి తీరాలి. చేసినావిడ జవాబు చెప్పలేకపోతే గొలుసు అక్కడే ఆగిపోవాలి. గంటలో అయ్యే పనికి రోజంతా పడుతుంది. పట్టనీ.

సోమవారం పొద్దున మొదటి ఫోన్ ఒపల్‌కే చేశాను. గ్యారెట్‌కి వేయడానికైనా, వాణ్ణి దించడానికైనా ఇప్పుడామెకు ఓటు లేదు, రోడ్డు అవతల ఉంది కదా. కిటికీలోంచి నన్ను చూస్తూనే ఫోనెత్తింది.

"పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో లోయిస్ టాబర్ గ్యారెట్ మీద నిలబడుతోంది," అన్నాను. "మనం అవునంటాం."

"ఎందుకు?" అంది ఒపల్.

ఆమెకు తెలియనిదేం కాదు. అయినా మొదటి నుంచీ చెప్పాను. నలభై నిమిషాలు పట్టింది.