ఓమెయి కొండ ఎక్కేవాళ్ళకు శౌరి చెప్పిన జాగ్రత్తలు

ఓమెయి కొండకు పోయేవాళ్ళు గడ్డితో అల్లిన చెప్పులు రెండు జతలు దగ్గర పెట్టుకోవాలి. తడిసిన మెట్ల మీద బూట్లు నిలవవు కాబట్టి, బూట్ల మీదనే ఆ చెప్పులు కట్టుకోవాలి. డోలీ కావాలంటే కొండ కిందే మాట్లాడుకోవాలి, సగం దారిలో దొరకదు. కోతులు అడ్డమొస్తే రెండు చేతులూ చాచి ఖాళీ అని చూపించాలి. పైమెట్టు వంక చూడకూడదు, కాలి కింది మెట్టే చూడాలి. పొద్దు పొడవకముందే శిఖరం చేరితే మబ్బులన్నీ కాళ్ళ కింద సముద్రంలా పరుచుకుని కనిపిస్తాయి.

ఇవన్నీ మా తమ్ముడు శౌరి చెప్పినవి. మాచవరం పక్కన నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టుకునే మాకు చైనా దేశపు కొండతో పనేమిటో నాకిప్పటికీ తెలియదు.

మా నాయన పోయినప్పుడు ఇద్దరిలో ఒకడే బడికి పోగలిగాడు. పెద్దవాణ్ణి కనక నేను మూడో తరగతిలో పలక పడేసి సుత్తి పట్టుకున్నాను. వాడు ఎనిమిది దాకా చదివి, చర్చి ఫాదరుగారి దగ్గర వంటవాడిగా చేరి, మిషనువాళ్ళు ఆయనను చైనాకు పంపితే వెంట వెళ్ళాడు. యుద్ధం ముగిశాక, నలభై ఆరులో, ఒక రేకుపెట్టెతో, మానని దగ్గుతో తిరిగొచ్చాడు. పంచుకోవడానికి వాడు తెచ్చింది ఆ కొండ ఒక్కటే.

మధ్యాహ్నం గంజి తాగే వేళ రాళ్ళ నీడన కూర్చుని చెప్పేవాడు. చెబుతుంటే వాడి కళ్ళు సగం మూతపడేవి. సుత్తులు ఆగిపోయేవి. గుంటలో ఎండ తెల్లగా కాగుతుంటే, మా వీపుల మీద చల్లటి మబ్బు ఏదో పాకినట్లుండేది. నా భార్య హన్నమ్మ మాత్రం ఎగతాళి చేసేది.

"ఏమయ్యా మరిదీ, అంత పైన తిండి దొరికిద్దా?"

"గుళ్ళో సన్యాసులు పెడతారు వదినా. మాంసం మాత్రం అడక్కూడదు."

"అయితే మీ అన్న రాడులే."

ఆ పుష్యమాసంలో శౌరికి దగ్గులో నెత్తురు పడింది. ఎండాకాలం దాటడం కష్టమన్నాడు డాక్టరు. ఆ మాట వాడు కూడా విన్నాడు. ఇంటికొచ్చాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, మబ్బులు కాళ్ళ కింద ఉండంగా చూడాలనుందిరా."

"ఒకసారి చూశావు గదా. ఇంకేంది?"

వాడు గోడవైపు తిరిగాడు. "ఇప్పుడు చూడాలనుంది. మంచు పడతాంది గదా. మన గుట్ట మీదికి తీసకపో."

తిట్టుకుంటూనే ఒప్పుకున్నాను. క్వారీ వెనక గుట్టకు మెట్లున్నాయి. పైన రాయి తీసే రోజుల్లో పనికిరాని పలకలతో నేను పరిచినవే. తెల్లవారుజామున నేనూ, నాతో రాళ్ళు మోసే కాలేషా, పలకలు మోసే బొంగుకు తాళ్ళు కట్టి, గోనెపట్టాలో శౌరిని కూర్చోబెట్టి ఎత్తాము. మంచులో కాలేషా వీపు కూడా నా కంటికి ఆనలేదు. బొంగు కిర్రుమనడం, వాడి ఊపిరి, అంతే. చైనా ఎక్కడో ఉందంటారు గానీ ఆ తెల్లదనంలో అది రెండు మెట్ల అవతలే ఉన్నట్లనిపించింది.

మా క్వారీలో ఒక కట్టడి ఉంది. మోసేటప్పుడు బరువు అనే మాట ఎవరూ అనకూడదు. ఎవరైనా అన్నారంటే దించాల్సిందే, పొద్దుగుంకేదాకా దాన్ని మళ్ళీ ఎత్తకూడదు. ఒకసారి ఆ మాట అన్న పూటే పలక జారి ముగ్గురికి కాళ్ళు పోయాయి. ఎనిమిదో తరగతి చదివినవాడికి ఇవి తెలియవు.

సగం మెట్లు దాటాక పట్టాలోంచి అడిగాడు. "అన్నా, బరువుగా ఉన్నానా?"

కాలేషా ఆగిపోయాడు. ఇద్దరమూ దించాము.

"ఏమైందిరా?"

"ఆ మాట అని కట్టడి తప్పావు. ఇంక ఎత్తం," అన్నాను. "నడుస్తావా, ఇక్కడే కూర్చుంటావా?"

వాడు మెట్టు మీద చేతులు ఆనించి నవ్వాడు. ఆ నవ్వు దగ్గై చానాసేపు కుదిపింది. "అక్కడ ఇంత దాకా కూడా రాలా అన్నా."

"ఎక్కడ?"

"ఓమెయి. ఫాదరుగారు మూడుసార్లు ఎక్కారు. నన్ను కింద సత్రంలో పెట్టెల దగ్గర కాపలా ఉంచారు. దిగొచ్చినోళ్ళ బూట్లు తుడస్తా, ఎట్టుందని అందర్నీ అడిగేవాణ్ణి."

చైనా కోసం నా చదువు పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ కొండ వాడికీ దక్కలేదా! చెంప పగలగొట్టాలనిపించింది. తూరుపు ఎర్రబారుతోంది.

"లేవరా," అన్నాను. "పైకి చూడమాక. కాలి కింది మెట్టే చూడు. చెప్పింది నువ్వే గదా."

లేచాడు. ఏడు మెట్లకొకసారి కూర్చుంటూ ఎక్కాడు. ఒకచోట కాలేషా రెండు చేతులూ చాచి, "ఖాళీ, ఖాళీ" అని లేని కోతులకు చూపించాడు. శౌరి నవ్వలేక నవ్వాడు.

పైకి చేరేసరికి ఆలస్యమైంది. పొద్దు పొడిచేసింది. చేల మీద మంచు చెదిరి జొన్న కంకులు బయటపడుతున్నాయి. వాడి మొహం చూడలేక కిందికి చూశాను.

క్వారీ గుంటలో మాత్రం మంచు నిండుగా ఉంది. ముప్పై ఏళ్ళు నేను తొలిచిన గుంట అంచుల దాకా తెల్లగా నిండి, ఎండ తగిలి మెల్లగా పొర్లుతోంది. ఆ తెలుపు మీద మా ముగ్గురి నీడలు సన్నగా కదిలాయి.

"అదిగో," అన్నాడు శౌరి.

ఎండ పెరిగి గుంటలో మొదటి రాయి కనబడ్డాక కాలేషా గొంతు సవరించుకున్నాడు. "శౌరన్నా, మరి దిగేదెట్టా? పొద్దుగుంకేదాకా నిన్ను ఎత్తకూడదే."

"అదే నాకూ తెలీదు రా," అన్నాడు వాడు నా భుజానికి ఆనుకుంటూ. "దిగొచ్చినోళ్ళంతా ఎక్కే సంగతే చెప్పారు. దిగటం గురించి ఒక్కడూ చెప్పలా."

గంజి తెమ్మని కాలేషాను కిందికి పంపి, పొద్దుగుంకేదాకా నేను వాడి పక్కన కూర్చున్నాను.