ఆండాళమ్మ పేరున పెట్టిన సైటు

కనకయ్యకు బోర్డు మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. జగ్గయ్యపేట బజార్లో ఆయన ఇనప సామాను కొట్టుకు ఉన్న బోర్డు కొట్టుకంటే వెడల్పు. పక్క కొట్టువాళ్లు గొడవకు దిగినా అంగుళం తగ్గించలేదు. బోర్డు కనపడితే జనం వాళ్లే వస్తారన్నది ఆయన వ్యాపారం మొత్తానికి మూలసూత్రం. తల్లి ఆండాళమ్మ తప్పిపోయాక, పోలీసు కంప్లయింటూ పేపరు ప్రకటనా బస్టాండు గోడల మీద అంటించిన ఫోటోలూ దేనికీ కొరగాకపోయాక, నందిగామలో వెబ్‌సైట్లు చేసే యామిని దగ్గరకు వెళ్లినప్పుడు కూడా ఆయన అడిగిన మొదటి మాట అదే.

"అమ్మాయ్, సైటు పేరు ఎంత పొడుగు పెట్టుకోవచ్చు?"

ఆండాళమ్మ డెబ్బై దాటిన మనిషి. మతిమరుపు మొదలై ఏడాదైంది. ఒక ఉదయం పాలవాడి దగ్గర పాలు పోయించుకుని, గిన్నె అరుగు మీదే వదిలేసి వీధిలోకి నడిచింది. విజయవాడ బస్సు దగ్గర చూశానని బస్టాండులో బత్తాయిలు అమ్మే ఆవిడ చెప్పింది. దాంతో కనకయ్య నందిగామ, మైలవరం, విజయవాడ జల్లెడ పట్టాడు. ఆ బస్సు పక్కనే ఖమ్మం బస్సు కూడా ఆగుతుందన్న సంగతి ఆ కంగారులో ఎవరికీ తట్టలేదు.

యామిని మొహమాటం లేని పిల్ల. కుర్చీ చూపించి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"పేరుతో పెద్దగా పని లేదంకుల్. ఒకప్పుడు పేర్లో నాలుగు మాటలు కుక్కితే వెతికినప్పుడు పైకొచ్చేది. ఇప్పుడంత లేదు. వెతికేవాళ్లు ఏం టైప్ చేస్తారో అవి లోపల ఉండాలి. మామ్మగారి గురించి చెప్పండి. ఏం మాట్లాడతారు, ఎవర్ని తల్చుకుంటారు, పుట్టిల్లెక్కడ?"

"పుట్టిల్లు వీరులపాడు. మొదటిరోజే వెళ్లొచ్చా. ఆ ఇల్లే లేదిప్పుడు, ఎవరో కొని గోడౌను కట్టారు. దాని ఊసెందుకమ్మా?"

"పోనీ, మతిమరుపుందని రాద్దామా?"

"వద్దు వద్దు. పెళ్లి కావాల్సిన పిల్లలున్నారు ఇంట్లో. వంశంలో ఉందనుకుంటారు. నువ్వు పేరు గట్టిగా పెట్టు, చాలు."

ఆయన పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. చివరికి సైటు పేరు 'జగ్గయ్యపేట ఆండాళమ్మ మిస్సింగ్ ఓల్డ్ లేడీ డాట్ కామ్' అయింది. లోపల ఒక ఫోటో, నాలుగు వాక్యాలు, ఫోన్ నంబరు. ఇల్లంత బోర్డుకు అగ్గిపెట్టెంత కొట్టు.

కొన్నాళ్లకు ఫోన్లో 'ఆండాళమ్మ జగ్గయ్యపేట' అని కొడితే ఆ సైటే అన్నిటికంటే పైన వచ్చింది. కనకయ్య ఆ రోజు కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఫోను చూపించాడు. తల్లి తప్పిపోయాక మొదటిసారి ఆకలేసి అన్నం తిన్నాడు. అప్పట్నుంచి రోజూ షట్టరు ఎత్తగానే ముందు అది కొట్టి చూడడం, "ఫస్టే ఉన్నాం" అని భార్యకు ఫోన్ చేసి చెప్పడం అలవాటైపోయింది. పాపం, అలా చెప్పినప్పుడల్లా తల్లి ఒక బస్సు స్టేజీ అంత దగ్గరకొచ్చినట్టు ఉండేది ఆయనకు.

ఫోను మాత్రం మోగలేదు. వానలు వచ్చిపోయాయి. ఎవరైనా చూస్తున్నారా అని యామినిని అడిగితే, "చూస్తున్నారంకుల్, రోజూ" అంది. ఆ చూసేది జగ్గయ్యపేటలోని ఒకే ఒక్క ఫోను అని చెప్పడానికి అంత ముక్కుసూటి పిల్లకూ నోరు రాలేదు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం మోగింది.

"వీరులపాడు రత్తమ్మగారి అబ్బాయేనాండి?"

"కాదమ్మా. రత్తమ్మంటే మా నాయనమ్మ. పోయి ముప్పై ఏళ్లయింది," అని పెట్టేయబోయాడు.

"పెట్టకండి, ఒక్క నిమిషం. పొట్టిగా, తెల్లగా ఉంటారండి. ఎడమ చెవి తమ్మె తెగి ఉంటుంది. అన్నంలో ముందే మజ్జిగ పోసుకుంటారు."

కనకయ్య మేకుల బస్తా మీద కూలబడ్డాడు. ఎప్పుడో చిన్నప్పుడు విన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తమ ఇంట్లో అత్తగారి పేరూ రత్తమ్మే, వచ్చిన కోడలి పేరూ రత్తమ్మే. కోడల్ని పేరుపెట్టి కేకేస్తే అత్తగారిని కేకేసినట్టుంటుందని పెళ్లిపీటల మీదే పిల్ల పేరు మార్చి ఆండాళమ్మను చేశారు. ఆధార్ కార్డు దాకా ఆ పేరే నడిచింది. పెట్టినవాళ్లూ మర్చిపోయారు, పుట్టిన కొడుకూ మర్చిపోయాడు. మతి పోయిన మనిషి ఒక్కతే మర్చిపోలేదు.

"ఎక్కడున్నారమ్మా? ఇప్పుడే బయల్దేరుతున్నా."

"పోయిన నెల్లో కాలం చేశారండి," అందామె.

ఆమె పేరు ఆరోగ్యమ్మ. ఖమ్మం అవతల ఒక చిన్న ఆశ్రమంలో ముసలివాళ్లను చూసుకుంటుంది. మర్నాడు కనకయ్య వెళ్లేసరికి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, అడక్కముందే తన ఫోను తీసి చూపించింది.

"'రత్తమ్మ వీరులపాడు' అని ఎన్నిసార్లు కొట్టుంటానో. ఊరి పిన్‌కోడు వచ్చేది, ఎండావానా వచ్చేది, మనిషి సంగతి రాకపోయేది. మొన్న మీ ఊళ్ల వైపు పెద్దాయన ఒకరు వాళ్ల చెల్లెల్ని చూడ్డానికొస్తే అడిగాను. ఆ పిల్లని పేటలో ఇనప కొట్టువాళ్లకిచ్చారుగా అన్నాడు. మీ కొట్టు నంబరూ ఆయనే కనుక్కుని ఇచ్చాడు."

కనకయ్య తన ఫోను తీశాడు. అలవాటైన మాటలు కొట్టి, వచ్చిన సైటు ఆమె ముందు పెట్టాడు. "మేమూ పెట్టామమ్మా. ఫస్టు వస్తుంది."

ఆరోగ్యమ్మ ఫోటో చూసింది. "ఈవిడేనండి." పైనున్న ఆ పొడుగాటి పేరు కూడబలుక్కుని చదివింది. ఆమెకు నొప్పించాలని లేదు, మాట అలా వచ్చేసింది. "ఈ పేరూ ఈ ఊరూ నాకు తెలిసుంటే వెతకడమెందుకండి? బస్సెక్కించి మీ ఇంటికే తెచ్చేదాన్ని కదా."

కనకయ్య ఫోను వెనక్కి తీసుకున్నాడు. వీరులపాడు అన్న ఒక్క మాట రాయనిచ్చి ఉంటే సరిపోయేది. ఆ పిల్ల అడిగింది కూడా. వద్దన్నది తనే.

"నన్నెప్పుడైనా అడిగిందా అమ్మా? కనకం అని?"

ఆరోగ్యమ్మ తల దించుకుంది. "లేదండి. పెళ్లి కాలేదనేవారు. నాన్న బండి కట్టుకొస్తాడని గేటు దగ్గర కూర్చునేవారు. అన్నానికి కూడా లోపలికి వచ్చేవారు కాదు."

ఊరి బయట, దిక్కులేనివాళ్లను పూడ్చే జాగాకు ఆమే తీసుకెళ్లింది. కాల్చలేదా అని కనకయ్య అడగలేదు. అడిగే మొహం తనకు లేదనిపించింది. కాపలా మనిషి చేత్తో ఒక వరస చూపించాడు.

"ఆడమనుషులు ఇటు. ఆ మధ్యలోనే ఎక్కడో."

"ఎక్కడో అంటే?"

"ఇంకా నలుగురొచ్చారు కదా సార్ ఆ తర్వాత. గుర్తుండదు."

కనకయ్య కర్పూరం బిళ్లలు గుప్పిట్లో పట్టుకుని వరస ఆ చివరిదాకా నడిచాడు. మళ్లీ ఈ చివరికొచ్చాడు. అంతా ఒకే ఎర్రమట్టి. ఎక్కడ కూర్చోవాలో, ఎవరి ముందు వెలిగించాలో తెలియక, "అమ్మా" అని మెల్లగా పిలిచి నిలబడిపోయాడు.