ఇరవై రెండు గళ్ళు, ఒకే గీత

ఆ ఇంట్లో అందరికంటే చిన్నదాన్ని మేనేజరమ్మ అనేవాళ్ళు. ఐదు నెలల పిల్ల. ఏ వేళప్పుడైనా పిలుస్తుంది, ఎందుకు పిలిచిందో చెప్పదు, వెళ్ళినవాడు ఏం చేసినా నచ్చదు. బరువు ఆరున్నర కిలోలు. అందులో ఐదు కిలోలు గొంతే అని వాళ్ళ నాన్న అంచనా.

నాన్న లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో ఏ బిల్డింగులో లిఫ్టు తిరగాలన్నా ఏడాదికోసారి ఆయన ఆఫీసు నుంచి కాగితం రావాలి. అమ్మ స్కూల్లో లెక్కల టీచరు. ప్రస్తుతం సెలవులో ఉంది గానీ, లెక్కలు సెలవు పెట్టలేదు. రాత్రిని పీరియడ్లుగా విడగొట్టి టైంటేబుల్ వేసి ఫ్రిజ్ మీద అంటించింది. పది నుంచి ఒంటిగంట దాకా ఆవిడ, ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఆయన, నాలుగు తర్వాత మళ్ళీ ఆవిడ. మేనేజరమ్మకి పీరియడ్లు లేవు. ఆవిడది ఫుల్ డ్యూటీ.

చెయ్యని ప్రయత్నం లేదు. గుడ్డలో బిగించి చుట్టారు, అరగంటలో విప్పేసుకుంది. ఫోన్లో వాన చప్పుడు పెట్టారు. పిల్ల దాన్ని లెక్కచెయ్యలేదు గానీ, ఇన్‌స్పెక్టరుకి మాత్రం రాత్రంతా బాత్రూముకి తిరగడమే సరిపోయింది. పిల్లని కాసేపు ఏడవనిస్తే తనే పడుకుంటుందని ఒక పుస్తకంలో ఉంది. రాసినాయన ఇంట్లో గోడలెంత మందమో ఆ పుస్తకంలో లేదు. వీళ్ళింట్లో గోడలకి అవతల మనుషులున్నారు, వాళ్ళకి చెవులున్నాయి.

వీటన్నిటికంటే ఆయనకో భయం పట్టుకుంది. ఒక రాత్రి పిల్లని భుజాన వేసుకుని నడుస్తూ నడుస్తూనే నిద్రపోయాడు. నుదురు వెళ్ళి బీరువాకి తగిలాక మెలకువొచ్చింది. చేతులు మాత్రం పిల్లని వదల్లేదు. ఈసారి వదలలేదు సరే, ఇంకోసారి? ఆ రోజు నుంచి పిల్లని ఎత్తుకుని కూర్చోవడం మానేశాడు. గోడకి ఆనుకోవడం కూడా మానేశాడు.

అలాంటప్పుడు దొరికింది లిఫ్టు. టీకా వేయించుకుని కేకలు పెడుతూ ఇంటికొచ్చిన మేనేజరమ్మ, కింద లిఫ్టెక్కి మూడో అంతస్తు దాటేసరికి మెడ వాల్చేసింది. మొగుడూ పెళ్ళాం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఆరో అంతస్తులో దిగాల్సినవాళ్ళు దిగకుండా మళ్ళీ కిందకి నొక్కారు.

పది రోజులుగా ఆయన పీరియడంతా లిఫ్టులోనే. పైకి, కిందకి, మళ్ళీ పైకి. పిల్ల నిద్రపోయేది, దింపి మంచం మీద వేసేసరికి లేచేది, మళ్ళీ లిఫ్టు. నాలుగో రోజుకి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. 'లిఫ్టు ప్రయాణానికే గానీ విహారానికి కాదు. ఇట్లు, సెక్రటరీ.' సెక్రటరీ మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టరు. ఎదురుపడినప్పుడు మాత్రం, "మిమ్మల్ని ఉద్దేశించి కాదు సార్" అన్నాడు. అర్ధరాత్రి లిఫ్టులో విహరించేవాళ్ళు ఆ బిల్డింగులో ఇంకెవరున్నారో చెప్పలేదు.

ఆ రాత్రి ఒంటిగంటన్నరకి ఆయన పిల్లతో లిఫ్టెక్కాడు. ఫోన్ వెలుతురుకి పిల్ల లేస్తోందని ఫోన్ ఇంట్లోనే పెట్టాడు. మూడు రౌండ్లయ్యాయి. మేనేజరమ్మ ఒళ్ళు బరువెక్కింది. నాలుగో రౌండులో, నాలుగో అంతస్తు దాటాక, నెత్తిమీద ఎక్కడో టక్కుమంది. లైటు పోయింది. పెట్టె ఆగింది.

ఆగి, ఒక జానెడు కిందకి జారింది.

ఆయన పిల్లని రెండు చేతులతో ఛాతీకి అదుముకున్నాడు.

చీకటి. ఇలాంటప్పుడు చిన్న ఎమర్జెన్సీ లైటు వెలగాలి. వెలుగుతుందని ఆయనకి బాగా తెలుసు, ఎందుకంటే వెలుగుతుందని రాసిందే ఆయన. తనిఖీ ఫారంలో పదో నంబరు గడి. తడుముకుంటూ వెళ్ళి గంట మీట నొక్కాడు. పదకొండో గడి, 'గంట మోగుచున్నది'. గంట మోగలేదు.

ఆ కాగితం చీకట్లో ఆయన భుజం పక్కనే ఉంది, ఫ్రేము కట్టి, గోడకి బిగించి. మూడు వారాల కిందటిది. తారీఖుతో సహా ఆయన సంతకం.

ఆయన ఆఫీసులో ఇలా కూర్చున్నచోటే కానిచ్చేదాన్ని కుర్చీ తనిఖీ అంటారు. ఫారంలో ఇరవై రెండు గళ్ళుంటాయి. రోపులు, బ్రేకు, తలుపులు, గాలి, గంట, అలా. ఒక్కో గడికీ లిఫ్టు పైకెక్కి, కిందకి దిగి, చూసి, టిక్కు పెట్టాలి. చేరిన కొత్తలో ఆయన అలాగే చూసేవాడు. రోజుకి రెండు లిఫ్టులు కూడా అయ్యేవి కావు, చొక్కాలన్నీ గ్రీజు. అప్పుడు పక్కసీటాయన జాలిపడి నేర్పాడు. మొదటి గడిలో పెన్ను ఆనించి, ఇరవై రెండో గడి దాకా ఒకే గీత లాగెయ్యాలి. చివర్లో చిన్న వంపు. దూరం నుంచి చూస్తే పొడుగాటి టిక్కులా ఉంటుంది.

"లిఫ్టన్నాక దాని మెకానిక్ ఉంటాడు, వాడు చూసుకుంటాడు. మనం కాగితం చూసుకుంటాం" అనేవాడు పక్కసీటాయన. ఆయన గీత చాలా తిన్నగా వచ్చేది.

ఈ లిఫ్టు సంగతికొస్తే కుర్చీ కూడా కాదు, సోఫా. సెక్రటరీ ఫారం తీసుకుని ఇంటికే వచ్చాడు. ఇన్‌స్పెక్టరు టీ తాగుతూ గీత గీసేశాడు. రోజూ నేనెక్కే లిఫ్టే కదా, ఇంతకంటే తనిఖీ ఏముంటుంది అనుకున్నాడు.

ఇప్పుడు ఆ గీత వెంట ఒక్కో గడీ గుర్తొస్తోంది. మామూలు మనిషైతే దేవుణ్ణి తలుచుకుంటాడు. ఈయనకి ఫారం గుర్తొచ్చింది. ఒకటో గడి, రోపులు. రెండు, బ్రేకు. ఐదు, లిఫ్టు వేగం మించితే పట్టి ఆపే కొక్కెం. కొక్కెం పట్టిందా? పట్టకుండానే ఆగిందా? పట్టకుండా ఆగితే, అది ఎంతసేపు ఆగుతుంది?

ఎనిమిది మంది బరువు మోస్తుంది, మేమిద్దరం ఎంతలే అని ధైర్యం చెప్పుకున్నాడు. ఆ ఎనిమిది మంది అన్న మాట కూడా అదే కాగితం మీదుందని గుర్తొచ్చి ధైర్యం వెనక్కి తీసుకున్నాడు.

అరవాలి. కానీ అర్ధరాత్రి, సొంత బిల్డింగులో, ఇన్‌స్పెక్టరు అయ్యుండి, 'కాపాడండి' అని ఎలా అరుస్తాడు? రేపు మెట్లమీద ఎదురైనవాళ్ళు ఏమనుకుంటారు? కొంచెం మర్యాదగా ఉండే మాట కోసం వెతికాడు. పైగా పిల్ల లేస్తుంది. లేస్తే కాళ్ళు తన్నుతుంది. తంతే పెట్టె ఊగుతుంది. అందుకని తలుపు సందుకి నోరు ఆనించి, గుసగుసగా అన్నాడు.

"ఎవరైనా ఉన్నారాండీ. కొంచెం ఇలా వస్తారా."

ఎవరూ రాలేదు. అంత మెల్లిగా పిలిస్తే పక్కన నిలబడ్డవాడు కూడా రాడు.

కాళ్ళు లాగుతున్నాయి. కూర్చుందామంటే ఒళ్ళు కదపాలి. ఒక కాలి మీద బరువు రెండో కాలి మీదకి మార్చాడు. అంతే, పైన ఇనుము మూలిగింది, పెట్టె ఇంకో నాలుగు వేళ్ళు దిగింది.

అప్పుడు అరిచాడు. మర్యాద, ఉద్యోగం, ఎదురింటివాళ్ళు, ఏమీ గుర్తులేవు. సెక్రటరీని పిలిచాడు, వాచ్‌మన్ని పిలిచాడు, ఎప్పుడో పోయిన వాళ్ళమ్మని పిలిచాడు. వాచ్‌మన్ గేటు దగ్గర రేడియో పెట్టుకుని ఉంటాడు. మిగతావాళ్ళు పది రోజులుగా ఈ వేళకి మేనేజరమ్మ ఏడుపు విని విని, చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవడం నేర్చుకున్నారు.

అరవడం ఆపాక ఒక సంగతి తట్టింది. పిల్ల లేవలేదు.

గ్లాసు కింద పెట్టినా లేచే పిల్ల. చెంచా చప్పుడుకి లేచే పిల్ల. చెవి పక్కన తండ్రి అన్ని కేకలు పెడితే లేవలేదు.

పదమూడో గడి. గాలి వచ్చు మార్గములు.

ముక్కు కింద వేలు పెట్టాడు. వేలికి ఏమీ తెలియడం లేదు. గుండె మీద చెవి ఆనించాడు. ధడధడమంటోంది, కానీ అది తన గుండెలా ఉంది. చివరికి తన చెంప తెచ్చి ఆ చిన్న నోటికి ఆనించి, ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపో తెలియదు. చెంప మీద గోరువెచ్చగా తగిలింది. పోయింది. మళ్ళీ తగిలింది.

పాలవాసన.

ఇక అక్కణ్ణుంచి కదల్లేదు. పిల్ల ముఖం తలుపు సందువైపు ఉండేలా ఎత్తి పట్టుకుని, వీపు గోడకి ఆనకుండా, కాలు మార్చకుండా నిలబడ్డాడు. చేతులు ముందు నొప్పెట్టాయి, తర్వాత తిమ్మిరెక్కాయి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు. వదిలేస్తానేమో అన్న పాత భయం వచ్చింది. ఈసారి మేలుకొలపడానికి బీరువా కూడా లేదు. నిద్ర రాకుండా ఫారం వల్లెవేశాడు. ఒకటి, రోపులు. రెండు, బ్రేకు. ఇరవై రెండు దాకా వెళ్ళి మళ్ళీ ఒకటికి వచ్చేవాడు. ఆ ఫారాన్ని అంత శ్రద్ధగా ఆయన ఎన్నడూ చదవలేదు.

ఎప్పటికో మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తడబడుతూ దిగుతోంది.

"ఏవండీ." పెళ్ళాం గొంతు. "ఏవండీ, ఎక్కడున్నారు?"

"ఇక్కడ."

"ఇక్కడంటే?"

"నాలుక్కీ ఐదుకీ మధ్య. లిఫ్టు ఆగిపోయింది."

చెప్పుల చప్పుడు ఆగింది. తలుపు మీద అరచేయి ఆనిన చప్పుడు. "పాప?"

"పడుకుంది."

"నిజం చెప్పండి."

"నిజంగానే. ఊపిరి చూస్తూనే ఉన్నాను."

"ఎంతసేపట్నుంచి పడుకుంది?"

"రెండు గంటల పైనే."

 ఆవిడ, "అయితే లేపకండి" అని, సెక్రటరీ తలుపు బాదడానికి కిందకి పరుగెత్తింది.

మెకానిక్ వచ్చేసరికి ఐదయింది. పైన మోటారు గదిలోకి వెళ్ళి ఏదో బిగించి దిగొచ్చాడు. ఐదో అంతస్తు తలుపు తెరిస్తే, లిఫ్టు కప్పుకీ నేలకీ మధ్య రెండు జానల సందుంది. టార్చి వెలుగు లోపలికి పడింది.

"పాపని ముందు అందించండి. తొందరగా. నేను బిగించింది ఎంతసేపు ఉంటుందో చెప్పలేను" అన్నాడు మెకానిక్.

ఆయన పిల్లని తల మీదకి ఎత్తాడు. ఆ సందులోంచి దాటేటప్పుడు పెట్టె కదిలితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అక్కడున్న అందరిలోకీ ఆయనకే బాగా తెలుసు, దాని మీద పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెళ్ళాం బోర్లా పడుకుని రెండు చేతులూ కిందకి చాచింది. పిల్ల ఆవిడ చేతుల్లోకి వెళ్ళింది. ఆయన వేళ్ళు మాత్రం రాలేదు.

"వదలండి" అంది ఆవిడ.

"వదిలాను."

"వదల్లేదు. నేను పట్టుకున్నాను, మీరు వదలండి."

వేళ్ళు ఒక్కొక్కటీ తీశాడు. తర్వాత ఆయన్ని చంకల కింద పట్టి లాగారు. చొక్కా ముందుభాగమంతా గ్రీజయింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "రోపులో సగం తీగలు తెగిపోయున్నాయి సార్. బ్రేకు అరిగి రేకయింది. కాగితం చూస్తే మూడు వారాల కిందటిది. ఎవడో గానీ వాడికి కళ్ళున్నట్టు లేదు" అన్నాడు.

"అలా అనకూడదు. చూసింది మన సారే" అన్నాడు సెక్రటరీ, పెద్దరికంగా. "అప్పుడు బాగానే ఉండుంటుంది. ఈ మూడు వారాల్లో చెడిపోయింది."

"రోపు మూడు వారాల్లో అలా అవదండీ. దానికి ఏళ్ళు పడుతుంది."

లెక్కల టీచరు మొగుడి వైపు చూసింది.  ఇంట్లోకి వెళ్ళి, తలుపేసి, పిల్లని మంచం మీద పడుకోబెట్టింది. మేనేజరమ్మ లేవలేదు.

"పైకెక్కి చూశారా?"

"లేదు."

"కిందకి దిగి?"

"లేదు. సోఫాలో." చెయ్యెలా కదిలిందో గాలిలో గీసి చూపించాడు. పైనుంచి కిందకి, ఒకే గీత.

ఆవిడ అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు. ఆవిడ మంచం అంచున కూర్చుని, పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి, క్లాసులో ఆఖరి బెంచీవాణ్ణి అడిగినట్టు నెమ్మదిగా అడిగింది.

"ఇంకా ఎన్ని?"

ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వేళ్ళు ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి. ఆఫీసు పక్క కాంప్లెక్సు. బట్టల కొట్టు. పాప పుట్టిన ఆసుపత్రి. ఆసుపత్రి దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆయన ఇంకో రెండు చెప్పి, ఆగిపోయాడు.

"అమ్మావాళ్ళదా?" అంది ఆవిడ.

అత్తగారు నాలుగు వీధుల అవతల, తొమ్మిదో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు. ఆరుకల్లా నడకకి దిగుతుంది. గడియారంలో ఆరుకి పది నిమిషాలుంది.

పెళ్ళాం ఆ నంబరు కలిపి, స్పీకరు నొక్కి, ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "మీరే చెప్పండి."

ఏడుసార్లు మోగింది. ఎనిమిదోసారికి ఎత్తారు.

"చెప్పండి అల్లుడుగారూ, పొద్దున్నే. చెప్పులేసుకుంటున్నాను. పాప పడుకుందా?"

"పడుకుందండీ. అత్తయ్యగారూ, మీరు లిఫ్టెక్కకండి."

"అదేంటి?"

"దాన్ని నేను చూడలేదు. చూశానని సంతకం పెట్టాను."

అటువైపు చెప్పులు విప్పిన చప్పుడైంది.

"అలాగా" అంది అత్తగారు. "వారం నుంచి అది ఏడో అంతస్తు దగ్గర ఒకటే కుదుపు. అందరూ భయపడుతుంటే, మా అల్లుడు చూశాడమ్మా, ఏం కాదని నేనే చెప్పి ఎక్కిస్తున్నాను. ఇప్పుడే పక్కింటి కోడలు పిల్లాడితో లిఫ్టెక్కింది."

ఆయన అప్పటికే ఫోన్ పెళ్ళాం చేతిలో పెట్టి గుమ్మం దాటాడు. మెట్లు రెండేసి దిగుతున్నాడు. వెనకనుంచి పెళ్ళాం గొంతు వినిపిస్తోంది. "అమ్మా, బయటికెళ్ళి చూడు. లిఫ్టు కిందకి చేరిందా, లేదా? చూసి చెప్పు. ఫోన్ పెట్టెయ్యకు."