నతానియేలు రెండు వేళ్లు

నలభై మూడో పలక దగ్గర చప్పుడు తెగింది. నతానియేలు చేయి ఆపి, పలకను కుడిచెవి దగ్గరికి ఎత్తి, అదే చోట చూపుడు వేలితో, మధ్య వేలితో మళ్లీ రాశాడు. సర్రుమని సాగవలసిన చోట ఆవగింజంత నిశ్శబ్దం. గరుకు కాగితం మీదికి జిగురు పొంగి గట్టిపడిందన్నమాట. దాన్ని పక్కన పెట్టి తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. ఎదురు బల్ల దగ్గర మానస ఒక్కతే, చూసీ చూడనట్టు తల వంచుకుని కూర్చుంది.

నాచారం ఫ్యాక్టరీల మధ్య సందులో ఉన్న ఆ రేకుల షెడ్డులో చిన్నపిల్లల బడులకు కావలసిన సామాను తయారవుతుంది. పూసల చట్రాలు, వాసన చూసి పోల్చుకునే డబ్బాలు, ఊపితే గలగలలాడే గొట్టాలు, అన్నిటికంటే ఎక్కువగా అక్షరాల పలకలు. అరచేతి వెడల్పు చెక్క మీద, గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరం అంటిస్తారు. పిల్లలు దాని మీద వేళ్లు రాస్తూ, నోటితో పలుకుతూ నేర్చుకోవాలి. కంటికి ఎక్కని అక్షరం వేలికి ఎక్కుతుందని ఆ బడుల నమ్మకం. నమ్మకం మంచిదే. అయితే పిల్లల కంటే ముందు ఎవరో ఒకరు ప్రతి పలకనూ రాసి చూడాలి కదా, అంచు లేచిందా, జిగురు గడ్డ కట్టిందా, పసివేలు గీరుకుంటుందా అని. పంతొమ్మిదేళ్లుగా ఆ ఎవరో ఒకరు నతానియేలు. రోజుకు నాలుగు వందల పలకలు.

అన్నేళ్లు గరుకు మీద రాస్తే ఏ వేళ్లు మాత్రం మిగులుతాయి? రెండు వేళ్ల కొనలూ అరిగి, గీతలు పోయి, నున్నగా మెరుస్తుంటాయి. అవి మొద్దుబారాక ఎడమచేతి వేళ్లను పనిలోకి దింపాడు. అవీ అదే దారి పట్టాయి. రెండేళ్ల కిందట పొగలు కక్కే చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు, బొబ్బ లేచేదాకా తెలియలేదు. భార్య మరియమ్మ ఆ వేళ్లకు వెన్న రాస్తూ ఏడ్చింది, షెడ్డు సారుకు చెప్పమంది. చెబితే ఏమవుతుందో నతానియేలుకు తెలుసు. యాభై ఏడేళ్ల మనిషిని, వేళ్లు చచ్చినవాణ్ణి, ఎవరు పిలిచి కూర్చోబెడతారు? అందుకని నోరు మెదపలేదు. మెల్లగా వినడం నేర్చుకున్నాడు. గరుకు మీద వేలు సర్రుమంటుంది, చెక్క మీదికి జారితే మూగబోతుంది, అంచు లేచిన చోట టిక్కుమంటుంది. ఈ రెండేళ్లలో అతని చేతి నుంచి వెళ్లిన పలక ఒక్కటీ తిరిగి రాలేదు.

సంగతి పసిగట్టింది మానస ఒక్కతే. నారపల్లి నుంచి బస్సులో వచ్చే ఆ అమ్మాయి ఆరు నెలల కిందట పనిలో చేరింది. కళ్లు మూయించి, వేళ్లు పట్టుకుని పని నేర్పింది అతనే. మొదటి నెలలోనే అడిగింది, కాకా, పలకను చెవి కాడికి ఎందుకు తీస్కపోతవని. అతను ఇంకో పలక తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఈ ఉద్యోగం మీద అతనికి అంత పట్టుదల ఎందుకంటే, కూటి కోసమే కాదు. జనగామ దగ్గరి ఊళ్లో రెండో తరగతిలో ఉండగా నల్లబల్ల మీది అక్షరాలు అతని కళ్ల ముందు నిలిచేవి కావు. ఇవాళ నేర్చింది రేపటికి ఉండేది కాదు. పంతులు వేళ్ల మీద బెత్తంతో కొట్టి, దున్నపోతువని పిల్లలందరి చేతా అనిపించాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. తండ్రి అబ్బయ్య బడి మాన్పించి నిజంగానే దున్నల వెంట తోలాడు. ముప్పై ఎనిమిదేళ్లకు ఈ షెడ్డుకు మూటలు మోయడానికి వచ్చాడు. మనిషి నెమ్మదస్తుడని పాత యజమాని పలకల దగ్గర కూర్చోబెట్టాడు. వేళ్లతో రాస్తూ, పక్కవాళ్లను అడిగి పలుకుతూ మూడు నెలలు గడిచాక ఒక సాయంత్రం ఉప్పల్ చౌరస్తాలో నిలబడి ఉండగా, ఎదురుగా ఉన్న దుకాణం బోర్డు ఉన్నట్టుండి మాటలైపోయింది. దాని పక్క బోర్డు కూడా. ఎక్కవలసిన బస్సులు రెండు వదిలేసి, వీధంతా చదువుకుంటూ నడిచే ఇంటికి వెళ్లాడు. మరియమ్మ తాగొచ్చాడనుకుంది.

పదకొండింటికి నరేందర్ వచ్చాడు. పాత యజమాని కొడుకు, తండ్రి పోయాక షెడ్డంతా తనే చూసుకుంటున్నాడు. మధ్యాహ్నం ఉప్పల్‌లో ఒక పెద్ద బడిలో టీచర్లకు శిక్షణ ఉందనీ, ఇప్పటికే తమ పలకలు వాడుతున్న ఆ బడి ఇక అన్ని బ్రాంచీలకూ కొనే బేరమనీ చెప్పి, నతానియేలును ఇస్త్రీ చొక్కా వేసుకుని రమ్మన్నాడు. కళ్లకు గంతలు కట్టుకుని వేలితో అక్షరాలు చెప్పాలట.

నతానియేలు చేతిలోని పలక బల్ల మీద పెట్టేశాడు. చదువుకున్న పిల్ల, మానసను తీసుకెళ్లమన్నాడు.

"పంతొమ్మిదేండ్ల వేళ్లు గావాలె అన్నా నాకు. ఆరు నెలలయి ఏం జేసుకోను?" అని నరేందర్ నవ్వాడు. పలకలు అందించడానికి మానసను కూడా వ్యాను ఎక్కమన్నాడు.

బడి హాలులో అరవై మంది టీచర్లు. రెండు పెద్ద కూలర్లు భోరుమని తిరుగుతున్నాయి. శిక్షణ ఇవ్వడానికి సైనిక్‌పురి నుంచి వచ్చిన నిస్సీ మేడం మైకు పట్టుకుని మాట్లాడుతోంది. నతానియేలు వెనక గోడకు ఆనుకుని, తప్పించుకునే దారేదైనా ఉందా అని ఆలోచిస్తున్నవాడల్లా, ఆమె మాటలు చెవిన పడి ఆలోచన మరిచిపోయాడు. ఒక బిడ్డ చూసి నేర్చుకుంటుంది, ఒకటి విని నేర్చుకుంటుంది, ఒకటి తాకి నేర్చుకుంటుంది అంటోందామె. "పిల్లవాడికి రాలేదంటే తప్పు వాడిది కాదు. మనం ఒక్క తలుపే తట్టి వెళ్లిపోయాం" అంది.

తప్పు వాడిది కాదు. యాభై ఏళ్లలో ఆ మాట అతనితో అన్నవాళ్లు లేరు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బెత్తం, ఆ నవ్వులు, దున్నల వెనక నడిచిన ఎండలు, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఈమెకు తన సంగతి చెప్పుకోవచ్చు, అర్థం చేసుకుంటుంది అనుకున్నాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు.

అంతలో పేరు పిలిచారు. బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, నిస్సీ మేడం స్వయంగా నల్ల రిబ్బన్ కళ్లకు కట్టి వెనక ముడి వేసింది. మానస మొదటి పలక చేతికిచ్చింది. అతను వేళ్లు ఆనించి రాశాడు. కూలర్ల హోరు తప్ప ఏమీ వినిపించలేదు. చెవి దగ్గరికి ఎత్తాడు. అయినా హోరే. మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"సార్, జర ఆ కూలర్లు బంద్ జేయమనరాదుండ్రి" అన్నాడు.

హాలంతా నవ్వింది. పెద్దాయనకు చలి పెడుతున్నట్టుందని ఎవరో అన్నారు. నరేందర్ కూడా నవ్వి, కానీయమన్నాడు. అతను మళ్లీ రాశాడు. వేలు అక్షరం దాటి చెక్క మీదికి జారింది, తెలియలేదు. చెక్క దాటి బల్లగుడ్డ మీదికి దిగింది, తెలియలేదు. బల్లగుడ్డ మీద, ఎంతో శ్రద్ధగా, ఏమీ లేని చోట సున్నా చుట్టి, కొమ్ము తిప్పి, ఇది ‘మా’ అన్నాడు. నవ్వు ముందు వరుసలో మొదలై వెనకదాకా పాకింది. ఫోన్లు పైకి లేచాయి. అది ఎక్కడి నవ్వో అతను గంతల కిందే పోల్చుకున్నాడు. రెండో తరగతి నవ్వు.

రిబ్బన్‌ను ముడి విప్పకుండానే తల మీదుగా లాగేసి, నిస్సీ మేడం వైపు తిరిగాడు.

"వేళ్లు ఎప్పుడో సచ్చిపోయినయి మేడం. చెవితోని జూస్త నేను. రెండేండ్ల సంది గట్లనే జూస్తున్న. ఒక్క పలక వాపస్ రాలె."

నవ్వు ఆగింది. ముందు వరుసలో ఒకామె లేచి, అయితే రెండేళ్లుగా ఎవరూ తాకి చూడని పలకల మీదేనా మా పిల్లలు వేళ్లు పెడుతున్నదని నరేందర్‌ను నిలదీసింది. నతానియేలు ఇంకా నిస్సీ మేడం ముఖంలోకే చూస్తున్నాడు. ఆమె గడియారం చూసుకుంది. ఆ అమ్మాయి చేత చేయిద్దాం అంది.

మానస తన చున్నీతోనే కళ్లు కట్టుకుంది. అయిదు పలకలు, అయిదూ తడుముకోకుండా చెప్పింది. అతను నేర్పినట్టే, పైనుంచి కిందికి, రెండు వేళ్లు కలిపి. ఒక్కటి తప్పితే బాగుండునని నతానియేలు ఆశపడ్డాడు. ఆశపడినందుకు మరుక్షణమే సిగ్గుపడ్డాడు. చప్పట్లు మారుమోగాయి. ఆమె గంతలు విప్పి అందరి వైపూ చూసింది, అతని వైపు తప్ప.

నరేందర్ అతన్ని వరండాలోకి తీసుకెళ్లి, రేపటి నుంచి రావద్దన్నాడు. నాన్న ఉంటే ఇంకెట్లా చేసేవాడో తనకు తెలియదని, ఇవాళ మాత్రం తన పరువు బజారున పడిందని అన్నాడు. షెడ్డు గేటు దగ్గర కాపలా కూర్చుంటానన్నాడు నతానియేలు. గేటుకు ఏజెన్సీ మనుషులున్నారన్నాడు నరేందర్.

"చెవులు మంచిగనే ఉన్నయి సార్" అన్నాడు నతానియేలు.

నరేందర్ ఫోన్ మోగింది. మాట్లాడుతూ లోపలికి వెళ్లాడు. బేరం కుదిరినట్టే ఉంది, గొంతు హుషారుగా ఉంది. నతానియేలు కాసేపు నిలబడి, తిరిగి వస్తాడేమోనని చూసి, మెట్లు దిగాడు. చెప్పులు వేసుకుని, గేటు దాటి, ఎండలో చౌరస్తా వైపు నడిచాడు. వెళ్తున్నావా అని అడిగినవాళ్లు లేరు.

హాలులో నిస్సీ మేడం తరవాతి పాఠం ఎత్తుకుంది, ఏ బిడ్డనూ ఒక్క కొలతతో కొలవకూడదని చెబుతోంది. టీచర్లు రాసుకుంటున్నారు. బల్ల మీద, పలకల పక్కన, నల్ల రిబ్బన్ వేసిన ముడితోనే, ఒక తల పట్టేంత గుండ్రంగా పడి ఉంది.