దుప్పటి చుట్టిన పొడుగు మూట

పెరిక్లీస్ పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. అలాంటివాడు జూలై నడి ఎండల్లో సముద్రం పక్క రోడ్డంతా కారులో తిరిగి, ఓడెక్కి కిథీరా ద్వీపానికి కూడా పోదామనేసరికి అతని భార్య ఎవాంథియాకి సంతోషం కన్నా ముందు అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో అతను ఆమెను ఊరు దాటించింది పెళ్ళిళ్ళకీ చావులకీ మాత్రమే.

అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. మార్చిలో ఆమె గుండెకు ఆపరేషన్ అయింది. "చిన్నదేలే, పన్ను పీకించుకున్నట్టే" అన్నాడు పెరిక్లీస్. కానీ ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం మత్తులో కళ్ళు తెరిస్తే, అతను గాయాలకి చుట్టే కట్టుగుడ్డ పట్టుకుని ఆమెను నడినెత్తి నుంచి అరికాలి దాకా కొలుస్తున్నాడు. పడుకున్న మనిషిని కొలిచేది శవపేటిక చేసేవాడే. ఎవాంథియా గబుక్కున కళ్ళు మూసుకుంది. ఎందుకు కొలిచావని అప్పటినుంచీ అడగలేకపోతోంది. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం.

ఇప్పుడేమో ఈ ప్రయాణం. పోయేవాళ్ళని చివరిసారి తిప్పి తెచ్చే ప్రయాణాలు ఇలాగే ఉంటాయి. దానికి తోడు, దుప్పటి చుట్టిన పొడుగు మూట ఒకటి ముందు అద్దం దగ్గర్నుంచి వెనక సీటు దాకా ఇద్దరి మధ్యా పడుకుని ఉంది.

"ఏంటయ్యా ఇది?"

"గాలం కర్రలు."

"గ్లాసులో నీళ్ళు కదిలినా కడుపులో తిప్పుతుంది నీకు. నువ్వు చేపలు పడతావా?"

"ఈ వయసులో నేర్చుకోకూడదా ఏం?"

ఆస్ట్రోస్‌లో కాఫీకి ఆగితే, కారు నీడన పెట్టాలని ఊరంతా చక్కర్లు కొట్టించాడు. తీరోస్‌లో నీళ్ళు రమ్మని పిలుస్తున్నా ఈత వద్దన్నాడు. లియోనిదియోలో వంకాయ కూర సగం తిని లేచిపోయి, మూట మీద తడి తువ్వాలు పరిచి వచ్చాడు.

"గాలం కర్రలకి వడదెబ్బ తగులుతుందా?"

"తగిలేవీ ఉంటాయి. నువ్వు తిను."

పెరిక్లీస్ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటాయన విడాకుల సంగతి ఆయనకన్నా ముందే ఊరందరికీ చెప్పిన ఘనుడు. అలాంటివాడు నోరు కట్టేసుకున్నాడంటే మూటలో ఉన్నది మామూలుది కాదు. భయం ఒకవైపు ఉన్నా, అదేమిటో తెలుసుకోవాలన్న కుతూహలం ఎవాంథియాని కుదురుగా కూర్చోనివ్వలేదు. కొండ మలుపుల్లో అతని చూపు రోడ్డు మీదుండగా దుప్పటి మడతల్లోకి వేలు దూర్చి చూసింది. నున్నగా తగిలింది. వేలు వాసన చూస్తే తేనె వాసన. గాలం కర్రకి తేనె ఎందుకు పూస్తారో ఎంత ఆలోచించినా తట్టలేదు.

నియాపోలిలో కారుని ఓడలోకి ఎక్కించాక, మనుషులందరినీ పై అంతస్తుకి పొమ్మన్నారు. కింద కొలిమిలా ఉంది. పెరిక్లీస్ కారు దిగనని మొండికేశాడు.

"కారునెవరు ఎత్తుకుపోతారు బాబాయ్, నడిసముద్రంలో?" అన్నాడు ఓడ మనిషి. "పోయి పిన్ని పక్కన కూర్చో."

పైన కమ్మీ పట్టుకుని పెరిక్లీస్ ఓడ ఊపుకి అప్పటికే పాలిపోయాడు. ఎవాంథియా ధైర్యం కూడదీసుకుంది.

"డాక్టరు నీతో ఏం చెప్పాడు?"

"ఎప్పుడు?"

"నువ్వు నన్ను కొలిచిన రోజు."

అతను ఆమె వంక ఒకసారి చూసి, కమ్మీ మీదుగా సముద్రంలోకి వంగాడు. వాంతి నిజమో నటనో ఆమెకి తేలలేదు. ఒడ్డు చేరేదాకా అతను తల ఎత్తలేదు.

దిగీ దిగగానే కారుని తిన్నగా కొండ మీది పాంతెలేయిమోన్ గుడికి తోలాడు. రోగాలు నయం చేసే పునీతుడాయన. "నువ్విక్కడే కూర్చో" అని, మూట భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఎవాంథియా కూర్చునే మనిషి కాదు. వెనకే పోయి గుమ్మంలో నిలబడింది.

గుడి తాళాలు చూసుకునే మారూసో అవ్వ ముందు పెరిక్లీస్ దుప్పటి విప్పుతున్నాడు. లోపల తేనెమైనపు కొవ్వొత్తి, నిలువెత్తుది. ఓడ వేడికి మధ్యలో మెత్తబడి, సొరకాయ మెడలా వంకర తిరిగింది. అతను దాన్ని మోకాలికి ఆనించి సాగదీయబోయాడు.

"విరుగుతుంది, వదిలెయ్ నాయనా" అంది అవ్వ. "ఎవరి ఎత్తు?"

"నా పెళ్ళానిది. ఇంట్లో సరిగ్గానే ఉందవ్వా. కట్టుగుడ్డతో కొలిచి పోయించా. ఈ ఎండ సంగతి నాకెందుకు తట్టలేదో."

ఎవాంథియా గుమ్మం దాటి లోపలికొచ్చింది. వాళ్ళ వైపు జ్వరానికి జానెడు కొవ్వొత్తి, విరిగిన చేతికి మూరెడు మొక్కుకుంటారు. మనిషెత్తు కొవ్వొత్తి ఎవరూ ఊరికే మొక్కరు.

"అంతదాకా పోయానా నేను?"

పెరిక్లీస్ ఉలిక్కిపడ్డాడు. ఇక దాచడానికేమీ లేదు.

"ఆశ లేదన్నారు. నీ దేవుళ్ళని చూసి నవ్వేవాణ్ణి కదా, ఆ రోజు నవ్వు రాలేదు. మొక్కు తీరేదాకా నోరెత్తకూడదంటారని ఊరుకున్నా."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడేముంది, నాకన్నా గట్టిగా ఉన్నావు. మొన్న డాక్టరు నీ మొహం మీదే చెప్పాడుగా."

"నేను నమ్మలేదు. శవపేటికకి కొలిచావనుకున్నా, పెరిక్లీస్. మార్చి నుంచీ."

అతను బెంచీ మీద కూలబడ్డాడు. "అడగొచ్చు కదా పిల్లా."

"చెప్పొచ్చు కదయ్యా."

ఆమెకి ఏడుపొచ్చింది. ఇన్ని నెలలు దాచుకున్నదంతా వచ్చింది. అతను లేచి, ఏం చేయాలో తెలియక తేనె వాసన కొట్టే చేతులతోనే ఆమె మొహం తుడిచాడు.

"ఇంకోటి పోయించి చలికాలంలో తెస్తాలే" అన్నాడు.

"వద్దు. ఆపరేషన్ అయ్యాక నేనూ కాస్త వంగే నడుస్తున్నా. కొలత సరిపోయింది."

వంకర కొవ్వొత్తి గుడిలో ఏ స్టాండులోనూ నిలబడలేదు. అడుగు ఆమె పట్టుకుంది, నడుము అతను పట్టుకున్నాడు, అవ్వ వెలిగించింది. మైనం కారి పెరిక్లీస్ మణికట్టు మీద పడుతున్నా చెయ్యి తీయలేదు.

"ఇదంతా కాలేదాకా ఉంటే సాయంత్రం ఓడ పోతుంది" అన్నాడు కాసేపటికి. "టిక్కెట్లు ముందే కొనేశా."

"పోనీ" అంది ఎవాంథియా.

అతను రెండో చెయ్యి కూడా కొవ్వొత్తికి ఆనించాడు.