ఏడు కీల పని

నరం దెబ్బతిని కుడిచెయ్యి మూలపడ్డాక అక్క మూడు నెలలు ఇంట్లోనే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని కంప్యూటర్లో మగ్గాలకు డిజైన్లు తయారుచేయడం. నాలుగో నెల మొదటి సోమవారం వర్క్‌షాపుకు వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. యజమాని మొహమాటపడుతూనే అసలు సంగతి చెప్పాడు.

"ఇంకొన్నాళ్లు రెస్టు తీసుకోండమ్మా. కొత్తగా వచ్చిన ఆ దుప్పటి డిజైన్ బయటివాళ్లకిచ్చేద్దాం."

"శుక్రవారం దాకా ఆగండి సార్. నావల్ల కాకపోతే నేనే చెప్తా."

చెప్పినంత తేలిక కాదు. ఆ మగ్గాలకు అర్థమయ్యే ఫైళ్లు ఒక్క సాఫ్ట్‌వేరే ఇస్తుంది. అదేమో ముసలిది, దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. దారం రంగు మారే ప్రతిచోటా ఏడు కీలు వరసగా నొక్కాలి. దుప్పటిలో అలాంటి చోట్లు పద్దెనిమిది వందలు. ఒకప్పుడు కళ్లు మూసుకుని నొక్కేసేది. ఇప్పుడు ఎడమచేత్తో తడుముకుంటూ కూర్చుంటే సాయంత్రానికి నలభై కూడా కాలేదు.

చెల్లెలిది కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఆ రాత్రి ఇంట్లో అంతా విని, "ఆ సాఫ్ట్‌వేర్ని లోపల మార్చలేనక్కా. బయటినుంచి నొక్కచ్చు. నువ్వు ఒక్క కీ నొక్కితే ఏడూ నా కోడ్ నొక్కేస్తుంది. నొక్కింది వేలో, కోడో దానికేం తెలుసు?" అంది.

మర్నాడు సెలవు పెట్టి అక్క వెంట వర్క్‌షాపుకు వచ్చి కోడ్ రాసింది. తొలిసారి నొక్కగానే అక్షరాలన్నీ పోయిపోయి యజమానికి రాస్తున్న మెయిల్లో పడ్డాయి.

"పంపేశావేమిటే!"

"లేదులే, బతికిపోయాం."

ముందున్నది డిజైన్ విండో అయితేనే నొక్కేలా చెల్లెలు కోడ్ మార్చింది. ఈసారి ఆ వేగం తట్టుకోలేక ముసలి సాఫ్ట్‌వేర్ సగం కీలు మింగేసింది. చెల్లెలు ఒక్కో కీకి మధ్య కాస్త వ్యవధి పెట్టింది. రంగు మారింది! ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. గీత గీద్దామని అక్క డి నొక్కిందో లేదో, పువ్వు మొత్తం మాయమైంది.

మధ్యాహ్నం దాకా తల బద్దలుకొట్టుకున్నా తప్పు దొరకలేదు.

"బయటికే ఇచ్చేయమందామా అక్కా?"

"నోర్ముయ్. మొదటినుంచి చదువు, పైకి."

"కంట్రోల్ నొక్కు. షిఫ్ట్ నొక్కు. కె నొక్కు. కె వదులు. షిఫ్ట్ వదులు..."

అక్క కళ్లు మూసుకుని, చెల్లెలు చదివినట్టల్లా బల్లమీద ఎడమచేతి వేళ్లు ఆడించింది. చదవడం అయిపోయింది. చిటికెనవేలు మాత్రం బల్లమీదే అదిమి ఉంది.

"మరి కంట్రోల్ ఎప్పుడు వదిలావే?"

చెల్లెలు నాలుక కరుచుకుంది. వదలనే లేదు. అది నొక్కి ఉన్నంతసేపూ డి అంటే గీత కాదు, చెరిపెయ్యమని. ఒక్క లైను చేర్చేసరికి అంతా కుదుటపడింది.

ఆపైన అక్క తల ఎత్తలేదు. భుజం లాగితే కాసేపు ఆగేది, మళ్లీ మొదలుపెట్టేది. శుక్రవారం పొద్దున్నే ఫైలు మగ్గానికెక్కింది. జానెడు గుడ్డ బయటికి రాగానే ఆమె వంగి చూసింది.

"ఆపండి సార్. ఈ ఆకు రంగు తప్పు. నేనే పొరబడ్డాను."

"ఒక్క ఆకేగా అమ్మా. ఎవరు చూస్తారు?"

"నేను చూశాగా."

మగ్గం ఆగింది. అక్క తన కుర్చీలోకి వెళ్లి తెరమీద ఆ ఆకు దగ్గరికి చేరి, ఎడమచేతి బొటనవేలితో ఆ ఒక్క కీ నొక్కింది.