అతిథికి మందు పోసినాయన

మా రాజ్యంలో మశూచిని మేం పేరు పెట్టి పిలవం, "అతిథి" అంటాం. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్లూ సూది పట్టం, మేకు కొట్టం, మందు మాట అసలే ఎత్తం. మందిస్తే ఆయనకి కోపమొచ్చి బిడ్డను వెంట తీసుకుపోతాడని భయం.

రాకుమారుడికి ఏడేళ్లప్పుడు ఆ అతిథి వచ్చాడు. ఆరో రోజుకి పొక్కులు పైకి పొంగకుండా నల్లబడ్డాయి, పిల్లవాడికి స్పృహ తప్పింది. ఆస్థాన వైద్యులంతా వాకిట్లో కూర్చుని నీళ్లు నమిలారు. నమలరూ మరి! ఊరుకుంటే అతిథి చిత్తం. మందిచ్చాక బిడ్డ పోతే వైద్యుడి తల పోతుంది.

వాళ్లలో మేంగ్ సొక్‌గ్యు గారొక్కరే లేచారు. తండ్రి చిన్నింటి కొడుకని తోటివాళ్లు ఆయన్ను ఎప్పుడూ చివరి చాప మీదే కూర్చోబెట్టేవారు.

"విషం లోపల చిక్కుకుంది. పైకి తోసెయ్యాలి. కొండతీగ వేరు కషాయం కాయండి," అన్నారు.

"కట్టెలు కొట్టేవాళ్లు నమిలే వేరు రాకుమారుడికా? చీనా సరుకేం దొరకలేదా నీకు?" అని పెద్ద వైద్యుడు వెక్కిరించాడు.

"ఆ సరుకు ఇక్కడికొచ్చేసరికే సగం చచ్చుంటుందండీ. ఇది పొద్దున తవ్వింది."

అంతఃపురం పెద్ద ప్యో అమ్మగారు ఒంటికాలి మీద లేచింది. "పిచ్చెక్కిందా నీకు? అతిథిని రెచ్చగొడతావా?"

రాజుగారు మాత్రం తలూపారు.

గిన్నె మోయాల్సింది వైద్య పరిచారికనైన నేను. నేనూ అతిథిని నమ్మినదాన్నే. "అయ్యగారూ, నాచేత ఈ పని చేయించకండి," అన్నాను.

"చెయ్యి నీది, పాపం నాది. పద, చల్లారిపోతోంది."

చెంచా చెంచా పోశాను. రెండో రోజు జ్వరం ఇంకా పెరిగింది. మేంగ్ గారిని పట్టుకుపోవడానికి భటులు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఆయన వాళ్లవంక చూడనైనా లేదు, ఇంకో గిన్నె కాచమన్నారు. అంత మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నాలుగో పొద్దుకి పొక్కులు నిండుగా పొంగాయి. పిల్లవాడు కళ్లు తెరిచి జావ అడిగాడు. ప్యో అమ్మగారు గోడకి మొహం తిప్పుకుని ఏడ్చింది.

"అంత ధైర్యం ఎక్కడిదయ్యా నీకు?" అని అడిగారు రాజుగారు.

"ధైర్యం కాదు ప్రభూ. నా కూతురికి అతిథి వచ్చినప్పుడు ఈ వేరు ఇంట్లోనే ఉంది. నేను గిన్నెడు మంచినీళ్లు ముందు పెట్టుకుని తొమ్మిది రోజులు దణ్ణాలు పెట్టాను. అయినా అతిథి పిల్లను వెంట తీసుకుపోయాడు. అప్పటికీ నేను వైద్యుణ్ణే."